ఛాతీ కోయలేదన్న కారణం చేత

బీమా ఫిర్యాదుల పరిష్కార అధికారి గారి సముఖమునకు,

పాలసీదారుని భార్యయు, బట్టల ఆల్టరేషన్ కొట్టు యజమానురాలును, సదరు పాలసీలో నామినీయు అయిన నేను సవినయముగా సమర్పించుకొను అర్జీ.

విషయం: మావారి గుండె జబ్బును ఛాతీ కోయకుండా నయం చేసినందున క్లెయిము చెల్లదని తమ కంపెనీ త్రోసిపుచ్చుట – అందుచేత మావారు ఇప్పుడు ఛాతీ కోయించుకొనుటకు సిద్ధపడుట – సోమవారం లోపుగా తమరు కలుగజేసుకొని ఆపవలెనని ప్రార్థన – గురించి.

అయ్యా,

విషయం ఒక్క లైనులో ఉండాలని తమ కౌంటరు దగ్గర కళ్ళజోడు ఆమె చెప్పారు. ఒక్క లైనే రాశాను. అది పొడుగైపోతే నా తప్పు కాదు, జరిగినదే అంత పొడుగ్గా ఉన్నది. ఇక ఈ దిగువ అంశములను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. మావారు లారీలు తూచే వేబ్రిడ్జిలో చాలా ఏళ్ళుగా కాటా గుమాస్తాగా పనిచేయుచున్నారు. వారి పని ఏమిటో తెలియకపోతే తరువాతి సంగతులు తమకు అర్థం కావు గనుక ముందుగా విన్నవించుకొనుచున్నాను. సరుకుతో వచ్చిన లారీని మొదట కాటా ఎక్కించి, ఆ బరువు చీటీ మీద నలుచదరపు స్టాంపు వేస్తారు. సరుకు దింపి వచ్చాక ఖాళీ బండిని మళ్ళీ తూచి, తీసివేత వేసి, అసలు సరుకు ఎంతో తేల్చి, అప్పుడు గుండ్రటి సీలు వేస్తారు. నలుచదరం పడితే ఇంకా పని మిగిలి ఉన్నట్టు. గుండ్రం పడితే అయిపోయినట్టు. ఆ తరువాత కొన్నవాడు గానీ అమ్మినవాడు గానీ నోరెత్తడానికి లేదు. గేటు తీస్తారు, బండి వెళ్ళిపోతుంది. "బాబాయ్, గుండ్రం కొట్టెయ్, పోతా" అని డ్రైవర్లు కిటికీలోంచి చెయ్యి పెడుతుంటారు. అందరూ ఆయనను స్టాంపు బాబాయి అనే పిలుస్తారు. అసలు పేరు తమ పాలసీ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

2. సదరు పాలసీని మాకు అంటగట్టినవారు మా చిన్నాడపడుచు భర్త. అంటగట్టిన అన్న మాటను "ఇప్పించిన" అని సవరించి చదువుకొనవలెను. అతను మా ఇంటికి, అనగా కాటా గది వెనుక యజమాని మాకు ఇచ్చిన ఒంటి గదికి వచ్చి, మడత కుర్చీలో కూర్చుని, ఎర్రటి గుండె బొమ్మ ఉన్న కరపత్రం ఒకటి తీశాడు.

"అక్కయ్యా, మీకు ఆసుపత్రి బిల్లులు కట్టే పాలసీ ఉంది కదా, అది వేరు, ఇది వేరు. ఇది క్రిటికల్ ఇల్‌నెస్. బిల్లులు గిల్లులు చూపించక్కర్లేదు. పెద్ద జబ్బు వచ్చిందని డాక్టరు రాసిస్తే చాలు, మొత్తం సొమ్ము ఒకేసారి చేతిలో పడుతుంది. ఎలా ఖర్చు పెట్టుకున్నారని అడిగేవాడుండడు. రేపు బావ మంచాన పడితే జీతం ఎవడిస్తాడు చెప్పు? ఇల్లు గడవొద్దూ?"

"ఏ జబ్బులకి?" అని అడిగాను.

"క్యాన్సరు, గుండె, కిడ్నీ, పక్షవాతం... ఓ పెద్ద లిస్టే ఉందిలే అక్కయ్యా."

అతను అబద్ధమాడలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సగం చెప్పి ఊరుకున్నాడు. లిస్టులో ప్రతి జబ్బు పక్కనా అది ఎంత ముదిరితే జబ్బు కిందకి వస్తుందో, ఏ విధంగా వైద్యం చేస్తే వైద్యం కిందకి వస్తుందో ఒక నిర్వచనం ఉంటుందని చెప్పలేదు. ఇప్పుడతను బీమాలు మానేసి ఫ్రిజ్జులు అమ్ముతున్నాడు. అక్కడైనా తలుపు తెరిచి చూపించి అమ్ముతున్నాడని ఆశ.

"నిబంధనలు చదువుదాం ఉండండి" అని నేను మావారితో అన్నమాట వాస్తవం. ఆయన పుస్తకం మొదటి పేజీ తిప్పారు. అక్కడ తమ కంపెనీ వారి గుండ్రటి సీలు నీలం సిరాతో నిండుగా పడి ఉంది. "గుండ్రం పడింది కదే, ఇంకేం చదువుతావు?" అన్నారు. ఆయన లెక్కలో ఆ లారీ గేటు దాటిపోయింది. నాకూ మిషను మీద జిప్పులు వేయాల్సిన ప్యాంట్లు గుట్టగా ఉన్నాయి, ఊరుకున్నాను. అప్పటినుంచి ప్రీమియం కట్టడం ఒక్క ఏడూ తప్పలేదు.

3. గడచిన నెలలో ఒకనాటి మధ్యాహ్నం మావారు కాటా గది వదిలి నా కొట్టుకు నడిచి వచ్చారు. పని వేళలో ఆయన రావడం అదే మొదటిసారి. "ఎడమ భుజం లాగుతోందే. చూడు, బనియను తడిసిపోయింది" అన్నారు. ఆ సమయమున ఒక పెద్దమనిషి ప్యాంటు పొడుగు తగ్గించమని ఇచ్చి నా కొట్లో తెర వెనుక నిలబడి ఉన్నారు. నేను ఆయన్ని అక్కడే వదిలేసి మావారి రెక్క పట్టుకుని రోడ్డు మీదకు పరుగెత్తాను. కాటా కోసం వరుసలో నిలబడిన లోడు లారీ డ్రైవరు కిందికి దూకి, "తూకం తర్వాత చూద్దాం బాబాయ్, ముందు ఎక్కు" అని హారను మీంచి చెయ్యి తీయకుండా ఆసుపత్రికి తోలాడు. పెద్దమనిషి ప్యాంటు నా భుజం మీదే ఉందని ఆసుపత్రిలో నర్సు చెప్తేనే తెలిసింది. వారికి వేరుగా క్షమాపణ చెప్పుకొన్నాను. ఈ అర్జీలో అది అంశము కాదు.

గుండె డాక్టరమ్మ ఆయన మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి, తీగ పంపి, మూసుకుపోతున్న చోట స్టెంటు వేసింది. బయటికి వచ్చి నాతో, "ఇంకాస్త ఆలస్యమైతే పెద్ద గుండెపోటే వచ్చేది. రాకముందే పట్టుకున్నాం. భలే తెచ్చావమ్మా" అంది. మర్నాటికల్లా ఆయన మంచం మీద కూర్చుని, ఆ లారీ తూకం ఎవరు వేశారని అడిగారు. ఆసుపత్రి బిల్లు మాకు ముందునుంచీ ఉన్న ఆ బిల్లుల పాలసీ కట్టింది, కాదనను. నేను ఆ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను. అంత మేలు చేసినావిడ మా క్లెయిముకు ఎసరు పెట్టిందని అప్పటికి నాకు తెలియదు.

4. తమ కంపెనీ వారి ఉత్తరం "మీరు త్వరగా కోలుకోవాలని మనసారా ఆకాంక్షిస్తూ" అని మొదలై, క్లెయిము త్రోసిపుచ్చడమైనదని ముగిసింది. త్వరగా కోలుకున్నందుకే కదయ్యా ఈ గొడవంతా!

నేను స్వయముగా తమ కార్యాలయమునకు వచ్చితిని. అక్కడ కుర్చీలన్నిటినీ ఒకే ఇనప కడ్డీకి బిగించారు. ఒకరు లేస్తే వరుసంతా ఊగుతుంది. మంచినీళ్ళ గ్లాసుకు గొలుసు వేశారు. టోకెను పట్టుకుని కూర్చుని, నా వంతు వచ్చాక కళ్ళజోడు ఆమె ముందు నిలబడ్డాను.

"అమ్మా, మీ క్లెయిము లిస్టులో లేదండీ" అన్నారామె.

"గుండె లిస్టులో లేదా?"

"గుండె ఉంది. గుండెపోటు ఉంది, మీవారికి అది రాలేదు. బైపాస్ ఉంది, మీరది చేయించలేదు. స్టెంటు లేదు."

"మరేం చేస్తే ఇస్తారు?"

"గుండెపోటైనా రావాలి, ఛాతీ తెరిచి ఆపరేషనైనా జరగాలి. నన్ను తిట్టకండమ్మా, పుస్తకంలో ఉన్నదే చెప్తున్నాను."

నేను తిట్టాను. ఆమె తన సొంత సీసాలోంచి నాకు మంచినీళ్ళు పోసి ఇచ్చారు. తాగి మళ్ళీ తిట్టాను. అందుకు ఈ అర్జీ మూలముగా ఆమెకు క్షమాపణ తెలుపుకొనుచున్నాను. ఆమెకు మాత్రమే.

తమరు ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ మధ్యాహ్నం నేను ప్యాంటు పూర్తిగా కుట్టి, దారం కత్తిరించి, పెద్దమనిషికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, కొట్టుకు తాళం వేసి తీరిగ్గా బయలుదేరి ఉంటే మావారు తమ నిర్వచనానికి అతికినట్టు సరిపోయేవారు. పరుగెత్తడం నేను చేసిన నేరం. మా కొట్లో ఒక పద్ధతి ఉంది. కుట్టు విప్పి సరిచేయగలిగిన చోట కత్తెర పెట్టకూడదు, పెట్టిన వాళ్ళను పనిలో ఉంచుకోను. తమ దగ్గర కత్తెర పెడితేనే కూలి ఇస్తారు. ఇదెక్కడి చోద్యమండీ? జబ్బు చిన్నదని అనండి, ఒప్పుకుంటాను. గాటు చిన్నదని జబ్బు కాదంటారేమిటి?

5. అప్పుడు కూర్చుని పుస్తకం మొత్తం చదివాను. ఆలస్యమైనది, నిజమే. అందులో ఇంకొక నిబంధన కలదు: జబ్బు తేలిన నాటినుండి పాలసీదారు ముప్పై దినములు జీవించి ఉండవలెను. లేనిచో ఏమియు చెల్లించబడదు. వెంటనే తమ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. నా కాల్ తమకు ఎంతో విలువైనదని చెప్పి చాలాసేపు సంగీతం వినిపించాక ఒకాయన ఎత్తారు.

"పాలసీదారు మాట్లాడుతున్నారా మేడం?"

"కాదు, నామినీని. వాళ్ళావిడని."

"పాలసీదారు జీవించి ఉన్నారా?"

"పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు."

"అయితే నామినీతో మేము మాట్లాడకూడదు మేడం."

"అంటే ఆయన పోతే మాట్లాడతారా?"

"ముప్పై రోజుల్లోపు పోతే ఈ పాలసీలో ఏమీ రాదు మేడం. పోతే వచ్చేది వేరే పాలసీ. దాని వివరాలు పంపమంటారా?"

కాబట్టి నేను గ్రహించినది ఏమనగా: జబ్బు రావాలి, కానీ తొందరగా పట్టుకోకూడదు. ముదరాలి, కానీ నెల తిరక్కుండా పోకూడదు. ఇంత ఒడుపుగా జబ్బు పడటం మావారికి చేతకాలేదు. కాటా మనిషి కదా, ఏదీ అటూ ఇటూ కాకుండా తూచినట్టు చేస్తారనుకుంటాం. ఆయన వల్ల కూడా కాలేదు.

ఇంతవరకు రాసినదంతా డబ్బు గొడవే అయితే నేను ఈ కాగితం చించేసి పని చూసుకునేదాన్ని. అసలు సంగతి దిగువన ఉన్నది. తమరు పైవన్నీ వదిలేసినా ఇది వదలవద్దు.

6. మొన్నటి పరీక్షలో మావారి గుండెలో మరి రెండు చోట్ల బ్లాకులు కనిపించినవి. డాక్టరమ్మ కంప్యూటరులో ఆయన గుండె సినిమా చూపి, "ఇవి కూడా తీగతోనే పోనిద్దాం పెద్దాయనా. మీ ఊపిరితిత్తులు లారీల దుమ్ము పీల్చి పీల్చి ఉన్నాయి. ఛాతీ తెరిస్తే తట్టుకోవడం కష్టం. శనివారం వచ్చేయండి" అని చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపారు. ఇంటికి వచ్చి చొక్కా అయినా విప్పకుండా, "కోయించుకుంటానే" అన్నారు.

హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదు. నాకు తెలియకుండా ఊరికి అటు చివర ఇంకో ఆసుపత్రికి రిపోర్టులు పట్టుకెళ్ళారట. అక్కడి వాళ్ళు బైపాస్ చేస్తామన్నారట. సోమవారం చేరమన్నారట.

"మీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను.

"మతి కాదే, లెక్క. తీగ పెడితే రాదు, కోస్తే వస్తుంది. కాటాలో నా చోట యజమాని కొత్తవాణ్ణి పెట్టాడు, వాడికి ఈ గది కావాలి. 'తొందరేం లేదు బాబాయ్' అంటూనే రోజూ అడుగుతున్నాడు. నేను లేచి తిరిగేదాకా మనం ఎక్కడుండాలి, ఏం తినాలి?"

"డాక్టరమ్మ తట్టుకోలేరని చెప్పింది."

"డాక్టర్లు అలాగే చెప్తారు."

"బల్ల మీదే పోతే? అప్పుడు రూపాయి కూడా రాదు. నేను ఫోన్ చేసి కనుక్కున్నాను."

ఆ మాటకు ఆయన ఆలోచనలో పడ్డారు. నిజంగా ఆలోచించారండీ. లారీ బరువులు తీసివేసేటప్పుడు పెదవులు కదుపుతారు, అలా కదిపారు. తరువాత నెమ్మదిగా అన్నారు.

"ముప్పై రోజులు ఎలాగోలా బతుకుతాలేవే."

అయ్యా, ఈ పైన "తమ సముఖమునకు", "విన్నవించుకొనుచున్నాను" అని రాస్తూ వచ్చినదాన్ని, ఇక్కడ నాకు ఆ మాటలు రావడం లేదు. చేతిలో గిన్నె ఉంటే విసిరికొట్టాను, ఆయన మీద కాదు, గోడ మీద. ఆ మనిషి నా మొగుడు. ఆయన నాకు ముప్పై రోజులకి అక్కర్లేదు. ఆయన ఛాతీలో ఏ బ్లాకు ఉందో డాక్టరమ్మ చూసింది, దాన్ని కోయకుండా తీయొచ్చంది. కోస్తే తప్ప కుదరదన్నది డాక్టర్లెవరూ కాదు, తమ పుస్తకం. బతిమాలాను, తిట్టాను, ఆయన చెల్లెలి చేత చెప్పించాను, ఫ్రిజ్జుల మనిషి వచ్చి కాళ్ళు కూడా పట్టుకున్నాడు. "నువ్వు అమ్మిందాని మీద నీకే నమ్మకం లేదా?" అని ఆయన అతన్నే ఎదురడిగారు.

7. కావున ఈ క్రింది విధముగా ప్రార్థించుచున్నాను.

(అ) ఛాతీ తెరిచినను, తెరవకపోయినను గుండె గుండెయేనని గుర్తించి, స్టెంటు వేయించుకొన్న వారికి కూడా సదరు సొమ్ము చెల్లించునట్లు ఉత్తరువు దయచేయవలెను. మొత్తం ఇవ్వలేకపోతే కొంత ఇవ్వండి. గాటుకు తగినంత ఇవ్వండి.

(ఆ) అది తమ చేతిలో లేదన్నచో, "పాలసీదారు ఛాతీ కోయించుకొన్నను ఈ పాలసీ కింద ఏమియు రాదు" అని ఒక కాగితం రాసి ఇవ్వవలెను. అది నిజం కాదని నాకు తెలుసు. ఇవ్వం అని కంపెనీ రాస్తే ఆయన ఇట్టే నమ్ముతారు. త్రోసిపుచ్చడం తమకు అలవాటే కదా, ఇంకొక్కసారి త్రోసిపుచ్చండి. ఈసారి దండం పెడతాను.

(ఇ) ఇవేవీ కుదరకపోతే తమరే ఒకసారి కాటా వెనుక మా గదికి దయచేసి, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఏ గుండె జబ్బును ఎలా బాగుచేయించుకుంటే తమరికి సమ్మతమో నోటితో చెప్పండి. ఆయన మొహం చూస్తూ చెప్పండి.

అర్జీలకు జవాబు పదిహేను పనిదినములలో ఇవ్వబడునని తమ ఆఫీసు గోడ మీద బోర్డు ఉన్నది. సోమవారం అంతకంటే చాలా ముందే వచ్చేస్తున్నది.

ఈ సంగతులన్నియు చిత్తగించవలెను. చిత్తగించి ఫైలులో పెట్టవలదు.

ఇట్లు,
తమ విధేయురాలు (సోమవారం దాకా),
స్టాంపు బాబాయి భార్య
పాలసీలో నామినీ, అది ఎందుకో ఎవరికీ తెలియదు

తా.క.: ఇది అధికారి గారికి కాదు. ఈ కాగితం ముందుగా చేతిలోకి తీసుకునేది కౌంటరు దగ్గర నువ్వే కనుక నీకు రాస్తున్నాను తల్లీ. మొన్న తిట్టినదానికి పైన రాసిన క్షమాపణ చాలదు, మళ్ళీ చెప్తున్నాను. మీ పెద్దాయన ఇది ఎప్పుడు చదువుతారో, చదివి ఏం చేస్తారో నాకు తెలుసు. అంతదాకా నేను ఆగలేను. అందుకే ఈ అర్జీకి నకలు ఒకటి తెచ్చాను. అందినట్టుగా దాని మీద స్టాంపు వేసి నాకు తిరిగి ఇస్తావు కదా, అది ఇంటికి పట్టుకెళ్ళి, "కంపెనీ ఒప్పుకుంది, కోయించుకోకపోయినా ఇస్తారట" అని ఆయనకు చెప్తాను. ఆయన కళ్ళజోడు నా కొట్లో దాచేశాను. లేకపోయినా ఆయన చదివే మనిషి కాదు. మొదటి పేజీ తిప్పి స్టాంపు చూస్తారు, అంతే. శనివారం డాక్టరమ్మ తీగతో పని కానిచ్చేస్తుంది. డబ్బు రాలేదని తెలిశాక నన్ను తిడతారు. తిట్టనీ. తిట్టడానికి మనిషి ఉంటాడు. ఇల్లు నేను మిషను తొక్కి ఎలాగో నడుపుతాను. మీ జవాబు ఏదైనా సరే ఇంటికి పంపకు, కొట్టుకు పంపు. మీకు దండం పెట్టి వస్తానని ఆయనే బయలుదేరితే, ఏమీ చెప్పకు తల్లీ, కూర్చోబెట్టి నాకిచ్చినట్టే కాసిని మంచినీళ్ళు ఇచ్చి పంపెయ్. నీ బల్ల మీద రెండు స్టాంపులు ఉండటం మొన్న చూశాను. అర్జీలన్నిటికీ నువ్వు నలుచదరందే వేస్తున్నావు. నాకది వద్దు. నా నకలు మీద గుండ్రం వెయ్యి.